ముందు బ్రేకు

ఇస్నాపూర్,
8-7-2024, సోమవారం.

నోరు కట్టేసుకున్న మా అక్క నర్సింహమ్మకు,

నోరు కట్టుకోవుడు చేతగాని నీ తమ్ముడు యాదన్న రాస్తున్నది. నాతోని మాట్లాడనని నీ బిడ్డ మహిత నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవు గాని, నేను రాస్తె చదవనని ఎయ్యలే. తొమ్మిది నెలలు ఆలోచిస్తె దొరికింది నాకు గీ సందు. ఫోన్ల రాసి పంపుదమంటె నాది డబ్బ ఫోను. దానికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. గందుకే కాయితం. నీ పక్కింటి ముత్యమ్మ, మా బావ పనిచేసే కంపెనీలనే ఊడ్వనీకి వస్తది గదా. కంపెనీ గేటు నుంచి నా సైకిల్ దుకాణం ఎంత, ఒక్క కేక దూరం. ఇయ్యాల్టి నుంచి ఆమెనే మన పోస్టు మాస్టరు.

ఐదో తరగతిల బడి ఎగ్గొట్టినోన్ని. తప్పులుంటె ఎర్రపెన్ను తియ్యకు. నువ్వు అంగన్‌వాడీ టీచరువైతె నీ పోరగాండ్లకు, నాకు గాదు.

దసరా నాటి ముచ్చట నేను మర్చిపోలే. తెల్లబట్టలేసుకొని జమ్మికి బయలెల్లిన బావ సైకిలుకు బ్రేకు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు ఏసింది నేనే. మన దిక్కు ఎవ్వలి సైకిలైనా కుడిచేతికి ముంగటి బ్రేకు, ఎడమచేతికి ఎన్క బ్రేకు. ఊరోళ్ళ ముంగట షాన్‌గ ఆగుదమని బావ ఎడమది గుంజిండు. ముంగటి చక్రం పట్టేసింది. హ్యాండిల్ మీదికెళ్ళి పల్టి కొట్టి డప్పులోళ్ళ నడుమల పడ్డడు. నేను నవ్విన, అందరు నవ్విన్రు, బావ గూడ నవ్విండు. లేసినంక చూస్తె కుడి మణికట్టు గుమ్మడికాయంత అయింది. అప్పుడు ఎవ్వరు నవ్వలే. మళ్ళ దసరాకు జమ్మి ఆకు చేతిల పెట్టేదాక నాతోని మాట్లాడనన్నవు. సరే. పడ్డ శిక్ష పడ్త.

గిప్పుడు రాసేది మాత్రం పరాచికం గాదు. బావ కుడిచెయ్యి ఇంక పట్టు రాలేదని ముత్యమ్మ చెప్పింది. గయినా సైకిల్ ఇడుస్తలేడట. మీ గల్లీ కాడికెళ్ళి మెయిన్ రోడ్డు దాక ఎంత దిగుడో నాకెర్కనే. దిగుడు ఒడిసినకాడ ట్యాంకర్లు, ట్రాలీలు. పట్టు లేని చేతికి ముంగటి బ్రేకుంటె బ్రేకు లేనట్టే లెక్క. ఎన్కది నిదానం చేస్తది గంతే, ఆపేది ముంగటిదే. పోనీ ముంగటిది ఎడమచేతికి మారుద్దమంటె, ముప్పై ఏండ్ల అలవాటు. గాబరల ఏది ఎంత గుంజాల్నో చేతికి తెలుస్తది, మనిషికి తెల్వది. బలం దిక్కు పోవాల్నా, అలవాటు దిక్కు పోవాల్నా? నాకు సమజైతలేదు. బావనడిగి రాయి. సైకిల్ తోలియ్యి. ఈసారి నిజంగనే బాగుచేస్త.

నీ చేతి పచ్చిపులుసు యాదికొస్తున్నది.

ఒట్టు పడని తమ్ముడు
యాదన్న


కిష్టారెడ్డిపేట,
11-7-2024.

యాదన్నకు,

ఇది మాట్లాడటం కాదు, జవాబు. రెండింటికీ తేడా ఉంది. దీన్ని అడ్డం పెట్టుకుని రేపు వచ్చి మా గడప ముందు నిలబడకు.

నీ ఉత్తరం తడిసి వచ్చింది. ముత్యమ్మ ఇస్తూ ఇస్తూ నీళ్ళ డ్రమ్ములో జారవిడిచింది. పొయ్యి దగ్గర ఆరబెట్టుకుని చదివాను. "చేతులు గావమ్మ ఇవి, చీపుర్లయినయ్" అని ఆమె ఒకటే నవ్వు.

మీ బావను అడిగాను. "వాడు చేసినంత చాలు అను," అని నవ్వారు. ఆయనకు నీ మీద కోపం లేదు. అదే నాకు కోపం.

నువ్వు చేసిన పని వల్ల ఆ చేయి పోయిందనుకుంటే, ఇప్పుడు మనిషే మారిపోతున్నారు. పుట్టి బుద్ధెరిగి చెంచా ముట్టనివారు రెండు నెలల నుంచి చెంచాతో అన్నం తింటున్నారు. "కంపెనీల సాహెబులు గిట్లనే తింటరు," అంటారు. గుండీల చొక్కాలన్నీ పెట్టెలో పెట్టి మెడ మీదుగా తొడుక్కునే బనీన్లే వేసుకుంటున్నారు. చెప్పులైతే నెలకొక జత. అదీ కుడికాలి చెప్పే అరుగుతుంది, ఎడమది కొత్తగా ఉంటుంది. ఎనిమిదింటి డ్యూటీకి పొద్దున ఆరింటికే బయలుదేరుతారు. సాయంత్రం ఆరింటికి రావలసిన మనిషి ఏడున్నరకు వస్తారు. అడిగితే "మెల్లగొచ్చిన" అంటారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఇంత మెల్లగా ఎప్పుడూ రాలేదు.

సైకిలు ముత్యమ్మతో పంపుతున్నాను. కుడిచేతిని ఇక నమ్ముకోలేం. కాబట్టి ముందు బ్రేకు ఎడమ చేతికి గట్టిగా పట్టేట్టు పెట్టు. వెనక మడ్‌గార్డు, బెల్లు చూద్దువుగాని. వేళాకోళం చెయ్యకు.

ఇట్లు,
నర్సింహమ్మ


ఇస్నాపూర్,
16-7-2024.

పంతులమ్మ అక్కకు,

నీ జవాబు ముట్టింది. ముట్టింది అంటె మోరిల పడి ముట్టింది. ముత్యమ్మ నా కండ్ల ముంగటనే జారవిడిచింది. "ఏందమ్మ, మా అక్క రాత గంత బరువున్నదా?" అన్న. "నీ అక్క రాత బరువే బిడ్డ, నిన్ను తమ్మునిగ మోస్తున్నది," అన్నది. ముసల్ది ఊకె లేదు.

నువ్వు రాసింది రాసినట్టు చేసిన. వారం నుంచి నేను కొట్టుకుంటున్న, నువ్వు ఒక్క ముక్కల తేల్చినవు. బలమున్న చేతికి బలమున్న బ్రేకు, ఒడిసింది లొల్లి. సదువుకున్నోళ్ళు సదువుకున్నోళ్ళే. వైర్లు కొత్తవి, రబ్బర్లు నాలుగిటికి నాలుగు కొత్తవి ఏసిన. బెల్లు గూడ మారిచ్చిన, దేవుని గుడి గంట లెక్క మోగుతది. పాత రబ్బర్లు తీస్తె ఒక వింత. అరిగి లేవు, ఎండి పటపట పగిలినయ్. మా బావ బ్రేకులు గూడ దాసుకొని వాడుతడా ఏంది?

ఇంకో వింత. ఎడమ గ్రిప్పుకు ట్యూబు ముక్క చుట్టి, దానిమీద గుడ్డ కట్టుకున్నడు. కుడిదానికి కట్టుకుంటె సమజైతది. మంచిగున్న చేతికి ఎందుకట? కోసి పారేసిన. గిప్పుడు చూడనీకి కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది సైకిలు. తీస్కపోనీకి బావనే వస్తడేమో అనుకున్న, రాలే. ముత్యమ్మనే తోలిండు. నా మొకం చూడ బుద్ధి కాలేదేమో. హ్యాండిల్‌కు చీటీ కట్టిన: "బావా, నిజంగ చెప్తున్న, ఎడమదాంతోని పైలం. మెల్లగ గుంజు." నిజంగ అన్నకాడ కింద రెండు గీతలు గీసిన.

ఇగ నీ ఫిర్యాదు. నెలకో జత చెప్పులు, పొద్దుగాలనే పరుగు, మాపటికి ఆలస్యం, చెంచతోని బువ్వ, పోరగాండ్ల లెక్క బనీన్లు. అక్కా, నీకింక సమజ్ కాలేదా? ఇస్నాపూర్ల కిరాయి రూములు మస్తున్నయ్. ఏ రూముల ఏ కొత్త వదిన చెంచతోని తినుడు నేర్పుతున్నదో. నేను గల్లీ గల్లీ తిరిగి దేవులాడ్త. దొరికితె ఆమెకు గూడ పచ్చిపులుసు వస్తదా అని అడుగుత, వస్తె నేను ఆడనే ఉంట.

నవ్వినవా? నవ్వితె ఒట్టు పోదు. నవ్వుడు మాట్లాడుడు గాదు.

నీ
యాది


కిష్టారెడ్డిపేట,
24-7-2024.

యాదన్నకు,

నవ్వలేదు.

నీకు అన్నీ ఆటలే. నాకు ఆ ఉత్తరం చదివాక మూడు రోజులు ముద్ద దిగలేదు. ఇస్నాపూర్‌లో ఉన్నది నువ్వు. ఏదో కంట పడకపోతే అట్లా ఎందుకు రాస్తావు? ఆదివారం ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను, ఎక్కడ తిరుగుతున్నారని. "నడిచొస్తున్ననే," అన్నారు.

"సైకిలుండగ నడుసుడేంది?"

"తోసుకుంట నడుస్తున్న."

"ఎందుకు?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు చేసిన మనిషికి కాక ఎవరికి తిరుగుతాయి? నేనూ గట్టిగానే అన్నాను. రేపటి నుంచి పొద్దున ఏడింటికి ముందు గడప దాటడానికి లేదు, సాయంత్రం ఆరింటికి గడపలో ఉండాలి, లేకపోతే మహితకు ఫోన్ చేసి వాళ్ళ నాన్న సంగతి చెబుతానని. బిడ్డ పేరు ఎత్తగానే "సరే నర్సిమ్మా," అన్నారు. మూడు రోజుల నుంచి గడియారంలాగా ఏడింటికి పోయి ఆరింటికి వస్తున్నారు. చెమటలు కక్కుకుంటూ వస్తున్నారు, అయినా వస్తున్నారు. అంటే రాగలరన్నమాట. ఇన్నాళ్ళూ రానిది ఎందుకో నువ్వే తేల్చుకో.

నీ చీటీ చూసి మాత్రం ఆయన నవ్వారు. "యాదిగాడు నిజంగ అని రాసిండంటె అబద్ధమన్నట్టే," అని నాకిచ్చి చింపి పారెయ్యమన్నారు. ఆయన చేతిలోనే ఉన్న కాగితం నాకిచ్చి చింపమనడమేమిటో. ఇంటి అల్లుడిలాగా కూర్చుని అన్నీ నాతోనే చేయించుకుంటున్నారు.

ఏదైనా చూసి ఉంటే నిజం రాయి. చూడకపోతే ఇక ఏమీ రాయకు.

నర్సింహమ్మ


ఇస్నాపూర్,
27-7-2024.

అక్కా,

పోశమ్మ తల్లి మీద ఆన, నేనేం చూడలే. పరాచికమాడిన. మా బావకు ఇంకో ఇల్లు ఉండుడు గాదు, ఉన్న ఇంట్లనే నీ ముంగట నోరు లేవది. గిదంత నీకు తెల్వదా? గడియారం పెట్టి ఆయనను సతాయించకు. నడిచొస్తె నడిచిరానియ్యి.

నువ్వు రాసినంక మనసాగక నిన్న గేటు కాడికి పోయిన. షిఫ్ట్ ఇడిసిన్రు. బావ తువాల రెండు చేతుల మీద కప్పుకొని వస్తున్నడు, చలికాలం లెక్క. నన్ను చూసి ఆగిండు. "ఏం బావా, నా మీద పగ ఉన్నదా?" అన్న. "నీ మీద పగ పట్టుకునేటంత ఓపిక లేదురా," అన్నడు. జేబుల వక్కపొడి ఉంటె తీసి ఇయ్యబోయిన. చెయ్యి చాపలే. నోరు తెరిచిండు. నోట్లె పోసిన. చిన్నపోరగాని లెక్క నమిలి నవ్విండు. నాకు మస్తు సంతోషమైంది, బావ నన్ను మాఫ్ చేసిండని.

నీకు ఎట్ల మాఫ్ చెప్పాల్నో చెప్పు. చెవులు పట్టుకొని గుంజీలు తీస్త అంటె ముత్యమ్మను సాక్ష్యం పెట్టి తీస్త.

యాదన్న


కిష్టారెడ్డిపేట,
3-8-2024, శనివారం.

యాదన్నకు,

నీ సైకిలు నీకే పంపుతున్నాను. ఏం చేసుకుంటావో చేసుకో.

గురువారం పొద్దున ఏడుంబావుకు మా గల్లీ దిగుడు ఒడిసే చోట ఆగి ఉన్న ట్యాంకరుకు వెనక నుంచి పోయి గుద్దారు. గడ్డం పగిలి ఆరు కుట్లు పడ్డాయి, రెండు మోకాళ్ళూ చీరుకుపోయాయి. ట్యాంకరు ఆగి ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కదులుతూ ఉంటే రాసేదాన్ని కాదు. పాన్‌డబ్బా ఆయన సైకిలు లేపి ఎడమ బ్రేకు నొక్కి చూసి, "అమ్మా, ఇది ఉల్టా ఉన్నది, ఎడమదానికి ముంగటి చక్రం పడుతున్నది," అన్నాడు.

మళ్ళీ మార్చావు. ఒకసారి చేసి చేయి తీశావు, ఇప్పుడు మనిషినే తీసేవాడివి. నేను నీకు ఏం రాశాను? ముందు ఆ ఎడమ చేతి బ్రేకు గట్టిగా పెట్టు, మిగతావి వెనక చూద్దువుగాని అన్నాను. అంత చిన్న పని నీకు నవ్వులాటైంది. చీటీ రాసి కట్టడం కూడా ఆటలో భాగమే కదా? నమ్మరని తెలిసే రాశావు.

ఆయన మాత్రం "వానిది తప్పులేదే, వానిదేం లేదు," అంటున్నారు. కుట్ల మధ్య నుంచి కూడా నిన్నే వెనకేసుకొస్తున్నారు. బుధవారం నుంచి డ్యూటీకి పోతానంటున్నారు. ఇంట్లో ఉంటే పని పోతుందట. కాళ్ళు బాగాలేకపోయినా డ్రమ్ముల షెడ్డులో నిలబడి చేసే పనే కదా, చేతులుంటే చాలు అంటున్నారు. పంపుతాను, ఆటోలో పంపుతాను.

దసరాకు జమ్మి తీసుకుని రావద్దు. వచ్చినా చెయ్యి చాపను.

నర్సింహమ్మ


ఇస్నాపూర్,
5-8-2024, సోమవారం.

అక్కా,

గీ ఉత్తరంల పరాచికం లేదు. నేను నిజంగ అంటె ఎవ్వరు నమ్మరని సమజైంది. గందుకే ఆ మాట రాస్తలేను. నువ్వే చూసుకో.

ముందుగాల నా తప్పు. నువ్వు "ముందు బ్రేకు ఎడమ చేతికి" అని రాసినవు. నేను బడి ఎగ్గొట్టినోన్ని. నాకు ముంగటిది ముంగటిది, ముందుగాల అంటె ముందుగాల. నీ పుస్తకం భాషల రెండింటికి ఒక్కటే ముందు. ముంగటి బ్రేకు ఎడమచేతికి మార్చమన్నవనుకున్న. ఎన్క మడ్‌గార్డు అంటె ఎన్క చక్రం మడ్‌గార్డే అనుకొని అది గూడ బిగిచ్చిన. నీ కాయితం ఇంక నా డబ్బల ఉన్నది. పది సార్లు చదివిన. నువ్వనుకున్నట్టు చదివితె గట్లనే ఉన్నది, నేననుకున్నట్టు చదివితె గిట్లనే ఉన్నది. నీకు చెప్పి మార్చకపోవుడు నా తప్పే, తిట్టు.

గని బావ గాదాంతోని పడలే.

బ్రేకు ఉల్టా ఉండి ఎడమది గట్టిగ గుంజితె ఏమైతది? దసరా నాడు అందరం చూసినం. ముంగటి చక్రం పట్టేస్తది, మనిషి హ్యాండిల్ మీదికెళ్ళి ఎగిరి పడ్తడు. బావ ఎగిరి పడలే. తీరుగ పోయి గుద్దిండు. నువ్వే రాసినవు. ముంగటి రిమ్ము నడుమల సొట్ట పడ్డది, ఫోర్కు ఎన్కకు వంగింది. ఆపబోయిన సైకిలు గిట్ల వంగది.

సైకిలు తలకిందలు పెట్టి రబ్బర్లు చూసిన. కొత్త రబ్బరు మీద సన్నటి ముల్లులుంటయ్ అక్కా, వెంట్రుకల లెక్క. అచ్చుల పోసేటప్పుడు వస్తయ్. రెండు రోజులు బ్రేకు కొడితె అరిగిపోతయ్. నేను ఏసినంక బావ పడేదాక పదహారు రోజులాయె. ముంగట ముల్లులు గట్లనే ఉన్నయ్. ఎన్క గూడ గట్లనే ఉన్నయ్. నాలుగు రబ్బర్లు, ఒక్క ముల్లు అరగలే. పదహారు రోజులు గా దిగుడుల మా బావ కుడిది గుంజలే, ఎడమది గుంజలే.

అప్పుడు నీ చెప్పులు యాదికొచ్చినయ్. కుడికాలి చెప్పే ఎందుకరుగుతది? పాదం నేలకు రాకి ఆపుతున్నడు గన్క. పొద్దుగాల ఆరింటికే ఎందుకు పోయేది? దిగుడుల సైకిల్ తోసుకుంట నడవనీకి. నేను ఇంకో ఇల్లు అని పరాచికమాడిన, నువ్వు గడియారం పెట్టినవు, ఆయన నడుసుడు బందు పెట్టి తొక్కిండు. బ్రేకు కన్న పెద్ద పాపం నాది గదే.

కుడిచెయ్యి పోయినోడు ఎడమచేతితోని చెంచ పట్టుకుంటడు అనుకున్నం. ఎడమచేతితోని గుండీ పెట్టుకోవచ్చు గదా? కాయితం చింపొచ్చు గదా? నేను వక్కపొడి ఇస్తె ఎడమచెయ్యి చాపొచ్చు గదా? నోరెందుకు తెరిచిండు? ఎడమ గ్రిప్పుకు గుడ్డ ఎందుకు చుట్టుకున్నడు? జారుతున్నది గన్క చుట్టుకున్నడు. నేను పోటుగాని లెక్క కోసి పారేసిన.

కుడిచెయ్యి నేను ఇరగ్గొట్టిన. ఎడమది నేను ముట్టలే. ఇది గూడ నా తప్పే అయితె మంచిగుండు అక్కా. నా తప్పయితె కుడిచేతి కాడనే ఆగేది.

ముత్యమ్మనడిగిన బావ షెడ్డుల ఏం చేస్తడని. వచ్చిన కెమికల్ మందు డ్రమ్ములు కడుగుడట. పొగలెల్లే తొట్టి మీద, రేకు మెట్ల మీద నిలబడి, డ్రమ్ము అంచు పట్టుకొని వంపుతరట. చేతి తొడుగులు చినిగిపోయి ఎన్నడో బందైనయట. పట్టు లేని చేతులతోని, తొట్టి మీద. బుధవారం నాడు పంపకు. నా మీద కోపం నా మీదనే పెట్టు, ఆయనను పంపకు. నమ్మకుంటె నువ్వే ఏదన్న పట్టిచ్చి చూడు.

యాదన్న


కిష్టారెడ్డిపేట,
6-8-2024, మంగళవారం.

తమ్మీ యాదీ,

పుస్తకం భాష రాస్తలేను. రాస్తుంటె వస్తలేదు.

నీ ఉత్తరం చదివి సగం నమ్మిన, సగం నమ్మలే. ఆయన అరుగు మీద కూసున్నడు. చాయ పెట్టిన. సాసర్ల పొయ్యలే, గుడ్డ చుట్టలే. పొంగు మీదున్న చాయ స్టీలు గిలాసల నిండ పోసి, కొంగుతోని పట్టుకొని తెచ్చి ఆయన ఎడమచేతిల పెట్టిన. కుడిచెయ్యి కిందికెళ్ళి ఆనిచ్చి పట్టుకున్నడు. పట్టుకొని నా దిక్కు చూసి నవ్విండు, కుట్లు గుంజేటట్టు. ఎన్ని దినాలాయె నువ్వు మంచిగ చాయ ఇయ్యక, అన్నడు.

నేను లెక్కపెట్టుకుంట నిలబడ్డ. ఇరవై దాక లెక్కపెట్టిన.

"కాలుతలేదా?" అన్న.

నవ్వు ఆగిపోయింది. గిలాస దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. "కాలుతున్నదా?" అని నన్నడిగిండు.

గిలాస గుంజి పారేసిన. అరచేయి ఎర్రగ పొంగింది యాదీ. ఆయన గా చేతిని వేరేవాళ్ళ చేతి లెక్క చూసుకున్నడు. అప్పుడు చెప్పిండు. ఎండకాలం మొదలుకాంగనే చేతి ఏళ్ళ కొసలు మొద్దుబారినయట. కుడిది నీ దెబ్బే అనుకున్నడట. ఎడమది మొదలైనంక నాకు చెప్పనీకి భయమైందట. "షెడ్డుల అందరిది గంతే నర్సిమ్మా. చెప్తె లోపలికి రానియ్యరని ఎవ్వరం చెప్పుకోలే. సైకిల్ స్టాండుల చూడు, అందరి చెప్పులు గిట్లనే అరిగుంటయ్," అన్నడు. నేను గడియారం పెట్టిన మనిషిని.

రేపు డ్యూటీకి పంప. గడపకు అడ్డం నేనే కూసుంట.

నోరు తెరిచి నిన్ను పిలుద్దమంటె మహిత మీద ఒట్టున్నది. రాసుడుకు లేదు, నువ్వే సందు చూపిచ్చినవు. ముందు నువ్వు రా. గీ ముందు ముంగట గాదు, ముందుగాల. దుకాణం తెరవకముందుగాల, ఆయన లేసి చెప్పులు దేవులాడకముందుగాల. సైకిలొద్దు. ఇద్దరం చెరోదిక్కు పట్టుకొని పెద్ద దవాఖానకు తీస్కపోదం. నేను నీతోని మాట్లాడ. పచ్చిపులుసు చేసి పెడ్త, తిను.

నీ అక్క
నర్సింహమ్మ

రాయడం ఒడిసినంక ఇంకో ముచ్చట: గా షెడ్డుల నేల తుడిచేది మన ముత్యమ్మనే. గీ ఉత్తరం ఆమె చేతికిస్తె రెండుసార్లు జారింది. నవ్వింది. నాకు నవ్వు రాలే. మూడోసారి చేతికియ్యలే, కొంగుకు ముడేసి పంపుతున్న. ముడి నువ్వే ఇప్పుకో. ఆమెకు రాదు.